కొలిచినవాడి పలుగు

ఎఫ్ఐఆర్ కాగితంలో నా గురించి ఉన్నది ఒకటే వాక్యం. ఐదో ముద్దాయి తన పలుగును రెండో ముద్దాయికి అందించాడు, రెండో ముద్దాయి ఆ పలుగుతో ఫిర్యాది కుడి ముంజేతి మీద కొట్టాడు. ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాను. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. పలుగు నాదే. అందించింది నేనే. కొట్టింది అతనే. ఆ రెండు పనుల మధ్య ఉన్న పదిహేడు నిమిషాలు మాత్రం అందులో లేవు.

నేను పొలాలు కొలుస్తాను. ఎవరూ నేర్పిన విద్య కాదు. నరసరావుపేటలో మా నాన్నకు పంపుసెట్లు బాగుచేసే షాపు ఉండేది. స్పానర్ల మీది అంకెలు చూసి భిన్నాలు నేర్చుకున్నాను. పదో తరగతి దగ్గర చదువు ఆగింది. తర్వాత ఒక పాత లెక్కల పుస్తకం చేతికొచ్చింది. మూడు భుజాల పొడవు తెలిస్తే చాలు, త్రిభుజం వైశాల్యం కట్టవచ్చని అందులో ఉంది. ఎంత వంకర చేనైనా త్రిభుజాలుగా విడగొట్టొచ్చు కదా అని ఆ రోజు తట్టింది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది ఆ ఒక్క పనే. నా కొలతకు సర్కారు ముద్ర లేదు. సర్వేయరుకు అర్జీ పెట్టేముందు తమ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి రైతులు నన్ను పిలుస్తారు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే దానికి విలువ, లేకపోతే లేదు.

మా వైపు ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. హద్దురాయి పాతేటప్పుడు మొదటి గుంట కొలిచినవాడి పలుగుతోనే తవ్వాలి. పొలం మనిషి సొంత పలుగుతో తవ్వితే, రాయి జరిపి పాతాడని అవతలివాడు అంటాడు. బయటివాడి పలుగైతే ఆ మాట రాదు. అందుకని బండికి టేపుతో పాటు పలుగు కూడా కట్టుకుని వెళ్తాను. గుంట లోతు చూడటానికి పలుగు మీద అంగుళం అంగుళానికి ఆకురాయితో గీత పెట్టుకున్నాను. రాయి రెండడుగుల లోతు దిగాలి, ఇరవై నాలుగు గీతలు. జిల్లాలో అలాంటి పలుగు ఇంకొకటి లేదు. అది నాదేనని చెప్పడానికి పోలీసులకు ఏ కష్టమూ కాలేదు.

నాకు నేను పెట్టుకున్న నియమం కూడా ఒకటుంది. రెండు పక్షాలూ గట్టు మీద ఉంటే తప్ప రాయి పాతనివ్వను. ఆ రోజు దాన్ని తప్పాను.

గురజాల దాటాక మాచర్ల వైపు ఒక ఊరు. అక్కడ ఒక రైతుకు తూర్పు గట్టు మీద అనుమానం. ఆయన పెద్దవాడు, ఇద్దరన్నదమ్ముల్లో పెద్ద. గట్టు అవతల చేను అదే ఊళ్ళో ఉంటున్న ఇంకో రైతుది, నలభై దాటని మనిషి. అంతకు ముందు వారం కొలిచి చూశాను. గట్టు పొడవు మూడు వందల అడుగులు. ఒక చివర పదడుగులు, ఇంకో చివర నాలుగడుగులు ఇవతలికి జరిగి ఉంది. సగటున ఏడు. రెండు వేల నూరు చదరపు అడుగులు, అంటే ఐదు సెంట్లకు కాస్త తక్కువ. పక్క రైతు ఆ రోజు వచ్చాడు, చూశాడు, కొలతను కాదనలేదు. రాళ్ళు పాతేటప్పుడు తనను పిలవమని మాత్రం చెప్పి వెళ్ళాడు.

పాతే రోజు పొద్దున పొలానికి వెళ్ళేసరికి నలుగురున్నారు. పెద్దాయన, ఆయన తమ్ముడు, పెద్దాయన బావమరిది, పెళ్ళయిన కొడుకు. మాచర్ల నాపరాయి బద్దలు నాలుగు ట్రాక్టరులోంచి దించి పెట్టారు. పక్క రైతు లేడు.

"ఆయన ఏడీ?" అన్నాను.

"కబురు పెట్టాం భాయ్. వస్తాడు లే," అన్నాడు పెద్దాయన.

"వచ్చినాక మొదలుపెడదాం."

"కాలవ నీళ్ళు ఇయ్యాల వదిలారు. రేపు మిరప నారు పెట్టాల. ఆయన పాలు పోసి, టీ తాగి, పేపరు చదివి వచ్చేదాకా కూర్చుంటే నారు కాస్తా ఎండిపోయిద్ది. కొలత ఆయన ఒప్పుకున్నదే గదా. నీ పుస్తకంలోది మారిద్దా ఏంది?"

మారదు. అది నిజం. నా పుస్తకంలో ఆ రోజు పేజీ తెరిచి పైన 'ఎదుటివారు లేరు' అని రాసుకుని పని మొదలుపెట్టాను. కబురు నిజంగా పెట్టారో లేదో నేను ఫోన్ చేసి కనుక్కోలేదు. ఆయన నంబరు నా దగ్గరే ఉంది.

నా పుస్తకంలో ప్రతి కొలత పక్కన గంట, నిమిషం ఉంటాయి. ఎండకు ఇనుప టేపు సాగుతుంది. పొద్దున తీసిన కొలతకూ మధ్యాహ్నం తీసినదానికీ తేడా వస్తే కారణం తెలియాలని మొదట్లో పెట్టుకున్న అలవాటు. ఆ పేజీలో మొదటి పంక్తి: గుంట 1, 9.35. అప్పుడు పలుగు తమ్ముడి చేతికిచ్చాను. అతను తవ్వాడు, రాయి దించారు, పసుపు పూశారు. అతను రాయి చుట్టూ మట్టి వేసి పలుగు మొద్దు వైపుతో దిమ్మిస కొడుతుంటే నేను టేపు లాక్కుంటూ రెండో రాయి చోటికి వెళ్ళాను. టేపు సున్నా కొస బావమరిది మొదటి రాయి మీద పట్టుకున్నాడు. నా టేపు వందడుగులది. నేను సరిగ్గా వందడుగుల దూరంలో వంగి, మేకు పెట్టే చోటు చూస్తున్నాను.

మోటారుసైకిలు చప్పుడు విన్నాను. తలెత్తలేదు. మాటలు పెద్దవయ్యాయి.

"నేను లేకుండా ఎవడు పాతమన్నాడు రా?"

"నీ మొహం చూస్తే గాని రాయి దిగదా ఏంది?"

"పీకు ముందు. పీకి మాట్లాడు."

"నువ్వు పీకు చూద్దాం."

ఇలాంటి మాటలు ప్రతి గట్టు మీదా వింటాను. పది కొలతల్లో ఆరింటికి ఉంటాయి. కొంతసేపటికి చల్లారతాయి. టేపు నా చేతిలో వదులైంది. అవతల బావమరిది కొస వదిలేశాడు. అప్పుడు తలెత్తాను. పక్క రైతు రాయి మీద చెయ్యి వేసి ఊపుతున్నాడు. తమ్ముడు పలుగు పైకెత్తడం, దించడం చూశాను. ఒక్కటే దెబ్బ. అతను చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

పుస్తకంలో రెండో పంక్తి: రాయి 2, 100 అడుగులు, 9.52.

అతన్ని అటుగా వెళ్తున్న ఆటోలో గురజాల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. గట్టు మీద నేను, మూడు రాళ్ళు, నా సామాన్లు మిగిలాం. టేపు చుట్టాను. పలుగు మొదటి రాయి దగ్గర పడి ఉంది. దాన్ని తీసుకెళ్ళి బోరు తొట్టి దగ్గర కడిగాను, గుడ్డతో తుడిచాను, గోనె చుట్టి బండికి కట్టాను. ప్రతిరోజూ చేసేదే. దాని మీద మట్టి తప్ప వేరే ఏదీ చూసినట్టు గుర్తు లేదు.

మూడో రోజు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వచ్చేటప్పుడు పలుగు తెమ్మన్నారు.

ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. పలుగు కడిగానని చెప్పినప్పుడు మా ఆవిడ తెలుగులో అడిగింది: "ఎందుకు కడిగావు?" స్టేషన్లో ఎలా అడుగుతారో వినిపించడానికి అలా అడిగిందనుకుంటాను. రోజూ కడుగుతాను కదా అన్నాను. "అది నాకు తెలుసు. వాళ్ళకెట్టా తెలుసు?" అంది.

స్టేషనుకు వెళ్ళకుండా ముందు గురజాలలో ఒక వకీలు దగ్గరకు వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి, ఆమె టేబుల్ మీద కాగితాలు తప్ప ఒక్క వస్తువు ఉండదు. ఎఫ్ఐఆర్ తెప్పించి చదివి నా వైపు తిప్పింది.

"ఇందులో మీరెన్నోవారో చూశారా?"

"ఐదు."

"ఐదంటే తెలుసా?"

తెలియదన్నాను. నాకు తెలియని అంకె ఒకటి ఉందని ఆమె అప్పుడు చెప్పింది. ఐదుగురు లేక అంతకు మించి ఒకే ఉద్దేశంతో నేరానికి గుమికూడితే దానికి చట్టంలో వేరే పేరుంది. ఒకడు కొట్టినా, ఆ ఉద్దేశం కోసం కొట్టాడని తేలితే ఐదుగురూ కొట్టినట్టే. నలుగురే ఉంటే ఆ సెక్షన్ నిలవదు. అప్పుడు ప్రతి ఒక్కడి మనసులో అదే ఆలోచన ఉందని విడివిడిగా చూపాలి, అది కష్టం. "కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. ఈ ఐదు మాత్రం మారలేదు," అంది. "ఫిర్యాదు రాయించినవాళ్ళకి ఐదోవాడు కావాలి. గట్టు మీద ఉన్నది మీరు."

"నేను వందడుగుల దూరంలో ఉన్నానమ్మా."

"దూరం కాదు అడిగేది. ఎందుకున్నారని. చూడండి, మనిషిని కేసులోకి లాగడానికి మూడు చోట్లుంటాయి. ముందు, అప్పుడు, తర్వాత. ముందు పలుగిచ్చారు. దేనికిచ్చారు? గుంటకి. అప్పుడు అక్కడున్నారు. దేనికి? కొలతకి. ఆ రెండింటికీ జవాబుంది, చూపించగలిగితే. తర్వాత ఏం చేశారు?"

"కడిగాను."

ఆమె కళ్ళద్దాలు తీసింది. "రక్తం ఉందా?"

"చూడలేదు."

"ఎవరైనా కడగమన్నారా?"

"లేదు."

"తెలిసి కడిగితే సాక్ష్యం మాయం చేసినట్టు. అది విడిగా నేరం. అలవాటుగా కడిగితే కాదు. కానీ అలవాటన్న సంగతి మీరు చెబితే చాలదు. ఇకమీదట దేన్నీ కడక్కండి, దేన్నీ కొట్టెయ్యకండి, పుస్తకంలో ఒక్క చుక్క కూడా దిద్దకండి. ముందస్తు బెయిలు వేద్దాం, వచ్చాక పలుగు, పుస్తకం మనమే తీసుకెళ్ళి ఇద్దాం."

ఆ బెయిలు వచ్చేలోపు పెద్దాయన నన్ను వెతుక్కుంటూ నరసరావుపేట వచ్చాడు. కొడుకు కూడా ఉన్నాడు. బస్టాండ్ పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాం.

"భాయ్, నువ్వు ఆ రోజు అసలు రాలేదని చెప్పు," అన్నాడు.

"వచ్చాను కదా."

"వచ్చావు. కాదనను. రాలేదంటే మేం నలుగురం అవుతాం. మా వకీలు కూడా అదే అంటున్నాడు. ఒక తల తగ్గితే కేసు సగం పోయిద్దంట. నీకూ మంచిదే గదా, నీ పేరే ఉండదు."

"పలుగు నాది."

"దొంగతనం చేశారను. మా బావమరిది ఎత్తుకొచ్చాడను. వాడికి ఇంకో కేసు తగిలినా పట్టదు, అట్టాంటోడు." కొడుకు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "ఆ పుస్తకం ఒకటుంది గదా నీది, పొయ్యిలో పెట్టు. నీ అంకెలు నీకు నోటికొచ్చుగా."

నోటికి వచ్చు. కానీ రాలేదని చెప్పాలంటే పక్క ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర నన్ను చూసిన మనిషి, ఫోన్ టవరు, మొదటి రాయి లోతు అన్నీ అబద్ధం చెప్పాలి. ఒక అబద్ధానికి ఇంకెన్ని కావాలో లెక్క వేస్తే ఏడు దాకా వచ్చి ఆగాను. చెప్పలేనని అన్నాను.

"అంటే మమ్మల్ని ఇరికిస్తావు."

"చూసింది చెబుతాను. ముందు నుంచి కొట్టాలని వచ్చారని మాత్రం చెప్పను, అది నేను చూడలేదు."

"చానా లెక్కగా మాట్లాడుతున్నావయ్యా," అన్నాడు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

స్టేషన్లో ఎస్సై పుస్తకం తిరగేశాడు. నా వయసులో సగం ఉంటాడు, మర్యాదగానే మాట్లాడాడు. పంచనామా రాసి పలుగు తీసుకున్నారు. గీతలు లెక్కపెట్టారు. ఇరవై నాలుగు.

"ఇది నిన్న రాసింది కాదని ఏంటి నమ్మకం?" అన్నాడు.

దానికి జవాబు వేరే చోట దొరికింది. దెబ్బతిన్న రైతు ఆసుపత్రిలో ఇచ్చిన వాంగ్మూలంలో, తను పాల కేంద్రం దగ్గరుండగా ఒకరు ఫోన్ చేసి రాళ్ళు పాతుతున్నారని చెప్పారని, వెంటనే బయల్దేరానని ఉంది. అతని ఫోన్లో ఆ కాల్ 9.41. గుంట తవ్వడం అంతకు ఆరు నిమిషాల ముందు మొదలైంది. తను వస్తానని అతనికే తెలియని సమయంలో పలుగు చేతులు మారింది. అతను అబద్ధం చెప్పి ఉంటే, ముందే అక్కడున్నానని చెప్పి ఉంటే, నేను ఐదోవాడిగానే మిగిలేవాణ్ణి. అతను అలా చెప్పలేదు.

కడగడం గురించి ఎస్సై ఒక కానిస్టేబుల్ను నేను పని చేసే రెండు ఊళ్ళకు పంపి అడిగించాడు. ఒక రైతు, "పలుగొక్కటేంది సార్, టేపుకి కూడా స్నానం చేయిస్తాడు, మా బోరు నీళ్ళన్నీ ఆయనకే," అన్నాడట. కానిస్టేబుల్ అది నాకు చెప్పి నవ్వాడు. కాగితం మీద 'పనిముట్లు శుభ్రపరచు అలవాటు గలవాడు' అని రాసుకున్నారు.

పుస్తకం పక్కన పెట్టే ముందు ఎస్సై 9.52 మీద వేలు పెట్టాడు.

"ఈ కొలత ఎప్పుడు రాశారు? కొట్టక ముందా, తర్వాతా?"

"తర్వాత."

"మనిషి పడిపోయాక."

"అవును. టేపు వదులైంది. అంకె మర్చిపోతానని రాశాను."

అతను వేలు తీసి పేజీ తిప్పాడు.

చార్జిషీటులో ముద్దాయిలు నలుగురే. నా పేరు సాక్షుల పట్టికలో ఉంది, ఏడో సాక్షి. ఐదుగురి సెక్షన్ పోయింది. నన్ను తప్పించినందుకు దెబ్బతిన్నతని తరఫున ఫిర్యాదు రాయించిన బాబాయికి కోపం, సాక్షినైనందుకు పెద్దాయనకు కోపం. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏడాదిన్నర పాటు నన్నెవరూ కొలతకు పిలవలేదు. వకీలు నన్ను ఒకటి మర్చిపోవద్దంది. విచారణలో సాక్ష్యాన్ని బట్టి, సాక్షిగా నిలబడ్డవాణ్ణి కూడా ముద్దాయిగా పిలిచే అధికారం కోర్టుకు ఉంది. "బోను దిగేదాకా అయిపోయిందనుకోకండి," అంది.

సాక్ష్యం రోజున గురజాల కోర్టు బయట చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాను. దెబ్బతిన్న రైతు వచ్చి పక్కన కూర్చున్నాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా మడత పడటం లేదు. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఆ ఘటన తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"మా బాబాయి ఐదుగురుండాలన్నాడు భాయ్," అన్నాడు. "నేను మంచం మీదున్నా. ఎవరెవరున్నారో చెప్పమంటే చెప్పా. పలుగు నువ్విచ్చింది నేను చూడనే లేదు. ఆయనే రాయించాడు."

"ఇచ్చింది నేనే."

"దేనికిచ్చావో ఊళ్ళో అందరికీ తెలుసులే." ఒక గుక్క టీ తాగాడు. "నేను పడ్డ టైము నీ పుస్తకంలో ఉందంట."

"అది రాయి టైము."

"రెండూ ఒకటేగా."

ఒకటే అని ఒప్పుకున్నాను.

"టేపు పడేసి రావాల్సింది నువ్వు. పేచీ మొదలైనప్పుడే. నువ్వంటే వాళ్ళకి గౌరవముంది. ఆగేవాళ్ళేమో."

"ఆగేవాళ్ళేమో."

"వందడుగులు ఎంతసేపు నడక?"

ఆ లెక్క నేను అంతకు ముందే వేసుకున్నాను. "అర నిమిషం లోపే."

అతను తల ఊపి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. లోపలి నుంచి బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు.

ప్రభుత్వ వకీలు అడిగినవన్నీ తేలికైనవే. ఎక్కడున్నారు, ఎంత దూరం, ఎవరు కొట్టారు. చెప్పాను. ముద్దాయిల వకీలు లేచాడు. పెద్దాయన, తమ్ముడు, మిగతా ఇద్దరూ వెనక వరసలో నిలబడి ఉన్నారు. నలుగురూ నన్నే చూస్తున్నారు.

"పలుగు మీదే కదా?"

"నాదే."

"మీరే అందించారు కదా?"

"గుంట తవ్వడానికి. తొమ్మిది ముప్పై ఐదుకి."

"ఎదుటి పక్షం లేకుండా రాయి పాతకూడదని మీకే నియమం ఉందని విన్నాను. ఆ రోజు లేరని తెలిసే పాతించారు కదా? దాన్ని పుస్తకంలో రాసుకున్నారు కూడా."

"రాసుకున్నాను."

"అంటే గొడవ వస్తుందని మీకు తెలుసు."

మా వకీలు ముందే చెప్పింది, ఇక్కడే కాలు జారేది అని. కాదు, తెలియదు అని గట్టిగా అనాలంది. కానీ గొడవ రావచ్చని తెలుసు. కొడతారని తెలియదు. రెండూ వేరు వేరు. ఆ రెండు మాటలూ విడివిడిగా, అదే వరసలో చెప్పాను. జడ్జి తలెత్తి నన్ను ఒకసారి చూసి, టైపు చేసే అమ్మాయికి అలాగే చెప్పి రాయించాడు.

"దెబ్బ పడ్డాక మీరేం చేశారు? పరుగెత్తుకెళ్ళి అతన్ని లేపారా?"

"లేదు."

"మరి ఏం చేశారు?"

"అంకె రాసుకున్నాను. ఆటో వెళ్ళాక టేపు చుట్టాను. తర్వాత పలుగు కడిగాను."

"ఎవరు కడగమన్నారు?"

"ఎవరూ అనలేదు. రోజూ కడుగుతాను."

ఇంకేమన్నా అడుగుతాడేమోనని నిలబడ్డాను. అడగలేదు. జడ్జి కొద్దిసేపు కాగితం చూసి, పైన ఫ్యాను తిరుగుతుండగా, దిగవచ్చు అన్నాడు. నన్ను ఐదోవాడిగా పిలవలేదు. పలుగు అక్కడే ఒక బల్ల మీద ఉంది, చీటీ కట్టి, గీతల మీద తుప్పు పట్టి.

వాంగ్మూలం చదివి సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. 'దెబ్బ తగిలిన పిమ్మట సాక్షి ఫిర్యాది వద్దకు వెళ్ళక, కొలత వ్రాసుకొనెను' అని ఉంది. దిద్దాల్సింది కనపడలేదు. సంతకం పెట్టి, అలవాటుగా పక్కన గంట కూడా వేశాను.